పాఠకుల ప్రశ్నలు: రీషీ డబ్బా, చింతమాను గొడుగు, తొలకరి పుట్టలు

పుట్టగొడుగుల పొడులు, క్యాప్సూళ్లు, కాఫీల గురించి మూడు నెలలుగా ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఎక్కువమందికి పనికొచ్చేవాటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. ఆరేళ్లుగా షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. ఇక్కడ ఒక ఫంక్షన్ హాల్లో మీటింగుకు పోతే, రీషీ పుట్టగొడుగు క్యాప్సూళ్లు మూడు నెలలు మింగితే షుగరు మాత్రలు మానేయొచ్చని చెప్పి రెండు డబ్బాలు అంటగట్టినారు. డబ్బా మీద 500 మి.గ్రా., 60 క్యాప్సూళ్లు, రోజుకు రెండు అని ఉంది. వాడమంటారా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందు ఒక్క మాట. మీ అమ్మగారి మాత్రలు ఒక్క పూట కూడా ఆపవద్దు. మిగతాదంతా తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

రీషీ అనేది జపాను పేరు. చైనాలో లింగ్‌ఝీ అంటారు, శాస్త్రీయంగా గానోడెర్మా. సుమారు రెండు వేల ఏళ్ల నాటి చైనా మూలికా గ్రంథం షెన్‌నాంగ్ బెన్‌సావ్ జింగ్‌లో దీన్ని ఎరుపు, నలుపు, తెలుపు అంటూ ఆరు రంగులుగా చెప్పి, ఆయుష్షు పెంచే వస్తువుల వరసలో పెట్టారు. కాబట్టి 'ప్రాచీన వైద్యం' అన్న మాట అబద్ధం కాదు. అయితే ఆ ప్రాచీన వైద్యంలో చెక్కలాంటి గొడుగును ముక్కలు చేసి గంటసేపు మరిగించి కషాయం తాగారు. షుగరు మాత్రకు బదులుగా క్యాప్సూల్ మింగడం అందులో లేదు.

ఇక షుగరు తగ్గుతుందా? ఎలుకల మీద ఆశ పుట్టించే ఫలితాలు చాలానే ఉన్నాయి. మనుషుల మీద జాగ్రత్తగా చేసిన పరీక్ష ఒకటి ఆస్ట్రేలియాలో జరిగి 2016లో అచ్చయింది. షుగరుతోపాటు బీపీ, కొవ్వు, పొట్ట వంటి ఇబ్బందులు కూడా ఉన్న 84 మందిని తీసుకుని, కొందరికి రోజుకు 3 గ్రాముల గానోడెర్మా, కొందరికి మందులేని ఉత్తుత్తి క్యాప్సూల్ 16 వారాలు ఇచ్చారు. మూడు నెలల సగటు షుగరులోగానీ పరగడుపు షుగరులోగానీ తేడా రాలేదు. అంతకుముందు ఏడాది, అప్పటిదాకా జరిగిన ఇలాంటి పరీక్షలను జల్లెడ పట్టిన కోక్రేన్ సమీక్ష కూడా షుగరు రోగుల్లో గుండెజబ్బు ముప్పు తగ్గించడానికి దీన్ని వాడమనే ఆధారం లేదనే తేల్చింది.

ఇప్పుడు మీ డబ్బా లెక్క. రోజుకు రెండు అంటే 1 గ్రాము. పరీక్షలో ఇచ్చింది 3 గ్రాములు, అంటే మీ లెక్కన రోజుకు ఆరు క్యాప్సూళ్లు. 60 ఉన్న డబ్బా పది రోజుల్లో ఖాళీ అవుతుంది. అంత మోతాదులోనే కనిపించని ఫలితం మూడో వంతులో వస్తుందని ఎలా నమ్ముతాం?

డబ్బాను ఇంకోసారి తిప్పి చూడండి. ఎక్కడో చిన్న అక్షరాల్లో 'మందుగా వాడటానికి కాదు' అని ఇంగ్లీషులో ఉంటుంది. 2016 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం హెల్త్ సప్లిమెంట్ మీద ఆ మాట ఉండి తీరాలి. షుగరు, క్యాన్సరు వంటి జబ్బులు నయమవుతాయని ప్రకటన ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. అందుకే నయమవుతుందనే మాట హాల్లో మైకులో వినపడుతుంది గానీ డబ్బా మీద కనపడదు.

కొన్నాం కదా, పారేయడం ఎందుకు అనిపిస్తే డాక్టరుకు డబ్బా చూపించి అడగండి. ఆయన సరే అన్నా, మొదలుపెట్టే ముందు ఒకసారి, నెల తర్వాత ఒకసారి కాలేయ పరీక్ష చేయించండి. లింగ్‌ఝీ పొడి వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను హాంకాంగ్, థాయ్‌లాండ్ డాక్టర్లు అచ్చువేశారు. అలాంటివి అరుదే. అయినా మూత్రం ముదురు పసుపు కావడం, అన్నం సయించకపోవడం, కళ్లు పచ్చబడటం వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆపేయాలి.

ప్రశ్న: మా చేను గట్టున ఎండిన చింతమాను మొదట్లో అరచేయి అంత గొడుగులు గట్టిగా, చెక్కలాగా మొలిచినాయి. పైన వార్నిష్ కొట్టినట్టు ఎర్రగా మెరుస్తాండాయి. ఫోన్లో చూస్తే అచ్చం రీషీ మాదిరే ఉండాయి. ఇవే కిలో వేలకు అమ్ముతారంట. కోసి కాచుకొని తాగొచ్చా?
— ఒక రైతు, రాయచోటి దగ్గర

జవాబు: మీరు చూసింది గానోడెర్మా కుటుంబందే కావచ్చు. ఇలా గుర్తుపట్టండి. పైభాగం ఎరుపు కలిసిన గోధుమ రంగులో, లోపలి నుంచి అంచుదాకా వలయాలు వలయాలుగా ఉంటుంది. ఇంకా పెరుగుతున్నదైతే అంచున తెల్లటి పట్టీ కనిపిస్తుంది. తిరగేస్తే అడుగున మామూలు పుట్టగొడుగుకు ఉండే రెక్కలు ఉండవు. పాలమీగడ రంగులో చదునుగా ఉండి, భూతద్దంతో చూస్తే మిల్లీమీటరుకు నాలుగైదు చొప్పున సన్నని రంధ్రాలు కనిపిస్తాయి. ఆ తెలుపు మీద గోరుతో గీస్తే గీత గోధుమ రంగుకు తిరుగుతుంది. కింది ఆకుల మీద, పక్క గొడుగుల మీద కోకో పొడి చల్లినట్టు దుమ్ము పడి ఉంటుంది. అది దాని బీజాల పొడి.

ఇవన్నీ సరిపోయినా అది మందు రీషీ అని చెప్పలేం. చింత, తుమ్మ, కానుగ, వేప మొదళ్ల మీద మొలిచే గానోడెర్మాల్లో చాలా జాతులున్నాయి. పైకి చూసి విడదీయడం పండితులకే కష్టం. ఎంత కష్టమంటే, మందు రీషీకి ఏళ్లతరబడి వాడిన గానోడెర్మా లూసిడం అన్న పేరులోని 'లూసిడం' 1781లో ఇంగ్లండులో దొరికిన నమూనాకు పెట్టింది. చైనాలో మందుగా పండించేది వేరే జాతి అని తేల్చి దానికి గానోడెర్మా లింగ్‌ఝీ అని పేరు పెట్టింది 2012లో. పరిశోధనలు జరిగింది ఎక్కువగా ఆ సాగు రకం మీద. మీ చింతమాను మీదిదాని మోతాదు ఎంతో, దానివల్ల కీడేమిటో పరీక్షించినవాళ్లు లేరు. పైగా పుట్టగొడుగులు సీసం, కాడ్మియం లాంటి లోహాలను పీల్చుకుని దాచుకుంటాయి. రోడ్డుపక్క చెట్టుదైతే అసలే వద్దు. తాగకండి, అమ్మకండి.

దీన్ని మందుగా కాక తెగులుగా చూడటం మీకు ఎక్కువ అవసరం. గొడుగు బయటికి వచ్చిందంటే లోపల బూజు దారాలు మొదలును, వేర్లను చాలా కాలంగా తినేస్తున్నట్టు. గాలివానకు ఆ మాను కూలుతుంది, కింద పశువులను కట్టేయవద్దు. దగ్గర్లో కొబ్బరి ఉంటే ఇంకా జాగ్రత్త. కొబ్బరిలో గానోడెర్మా తెగులు వేర్ల ద్వారా చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది. చచ్చిన మోడును వేర్లతో సహా తవ్వి కాల్చేయండి. తెగులు పట్టిన పాదులోని నీరు పక్క పాదులోకి పారనివ్వకండి. బాగున్న కొబ్బరి చెట్లకు ఏటా ఒక్కోదానికి 5 కిలోల వేపపిండి వేయండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో రీషీ పొడి 100 గ్రాములు ఒకచోట 400 రూపాయలు, ఇంకోచోట 3,000. డబ్బా మీద ఏమి చూసి కొనాలి? కల్తీ ఇంట్లోనే తెలుసుకునే మార్గం ఉందా?
— ఫార్మసీ విద్యార్థి, కర్నూలు

జవాబు: ధరల్లో ఇంత తేడాకు కల్తీ ఒక్కటే కారణం కాదు. ఒకే పేరు మీద నాలుగు వేర్వేరు సరుకులు అమ్ముతున్నారు. మొదటిది, గొడుగును ఎండబెట్టి మర పట్టిన పొడి. రెండోది, గొడుగును వేడినీటిలోగానీ ఆల్కహాలులోగానీ మరిగించి, సారం తీసి ఎండబెట్టిన ఎక్స్‌ట్రాక్ట్. మూడోది, బీజాల పొడి. నాలుగోది చవకది. జొన్నల మీదో గోధుమల మీదో బూజును పెంచి, గొడుగు రాకముందే గింజలతో సహా ఎండబెట్టి పొడి చేసినది. దాని మీద 'మైసీలియం' అని రాస్తారు. అందులో బూజు ఎంతో, జొన్నపిండి ఎంతో ఎవరికీ తెలియదు. జొన్నపిండే కావాలంటే కర్నూలు మార్కెట్లో ఎంత చవకో మీకు చెప్పక్కర్లేదు.

చీటీ మీద చూడాల్సినవి ఇవి. శాస్త్రీయ నామం పూర్తిగా ఉండాలి, ఉత్త 'రీషీ' అని ఉంటే లాభం లేదు. 'ఫ్రూటింగ్ బాడీ' (అంటే గొడుగు) అని ఉందా, 'మైసీలియం' అని ఉందా చూడండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు ఉండాలి. ఎక్స్‌ట్రాక్ట్ అయితే '10:1' లాంటి నిష్పత్తి ఉంటుంది. పది కిలోల ముడిసరుకు నుంచి కిలో తీశామని దానర్థం. 'పాలీశాకరైడ్లు 30 శాతం' అన్న మాటకు మాత్రం మోసపోవద్దు. పిండి కూడా పాలీశాకరైడే. మీకు కావాల్సింది పుట్టగొడుగు కణాల గోడలో ఉండే 'బీటా గ్లూకాన్లు' ఇంత శాతం అన్న అంకె. రీషీలో చేదుకు కారణమైన ట్రైటర్పీన్లు నీటిలో సరిగ్గా దిగవు, ఆల్కహాలులో దిగుతాయి. వేడినీటి సారం మాత్రమే తీసి ట్రైటర్పీన్ల గొప్పలు రాసి ఉంటే అనుమానించండి. ఆ బ్యాచ్‌కు సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం పరీక్షల రిపోర్టు అడగండి. పద్ధతిగా ఉన్న కంపెనీ పంపిస్తుంది.

ఇంట్లో చేయగలిగింది అయోడిన్ పరీక్ష. మందుల షాపులో దొరికే పోవిడోన్ అయోడిన్ ద్రావణం సరిపోతుంది. అర టీస్పూను పొడిని 100 మి.లీ. నీళ్లలో వేసి రెండు నిమిషాలు మరిగించండి. పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద వేస్తే పిండి ఉన్నా రంగు రాదు, చాలామంది ఇక్కడే తప్పుతారు. పైకి తేరిన నీటిని తెల్ల పింగాణీ గిన్నెలోకి వంచి రెండు చుక్కలు అయోడిన్ వేయండి. నీలంగానో నల్లగానో తిరిగితే గింజల పిండి ఉన్నట్టు. మందు రంగే, అంటే లేత గోధుమ, మహా అయితే ఎర్రగోధుమ, ఉండిపోతే పిండి లేనట్టు. పుట్టగొడుగుల్లో సహజంగా పిండి ఉండదు. పోల్చుకోవడానికి పక్కన రెండు గిన్నెలు పెట్టుకోండి, ఒకదానిలో పలచటి గంజి, ఇంకోదానిలో ఎండబెట్టిన బటన్ పుట్టగొడుగు మరిగించిన నీళ్లు. పరీక్ష చేసిన నీళ్లు పారబోయండి, తాగేవి కావు.

ఇది తప్పు చెప్పే సందర్భాలు రెండున్నాయి. పొడిలో విటమిన్ సి కలిపి ఉంటే అది అయోడిన్ రంగునే విరిచేస్తుంది, పిండి ఉన్నా కనపడదు. మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండిని విరగగొట్టి చేసే తెల్లపొడి) కలిపితే నీలం రాదు. కాబట్టి నీలం వస్తే నేరం రుజువైనట్టే గానీ, రాకపోతే మంచి సరుకని కాదు. చివరిగా నాలుక. రీషీ గొడుగు పొడిగానీ, ఆల్కహాలు సారంగానీ వేపాకుకు తీసిపోని చేదు. తియ్యగా, పేలపిండిలా ఉంటే డబ్బా పక్కన పెట్టేయండి.

రీషీ కాఫీ గురించి కూడా అడిగారు చాలామంది. పొట్లం మీద గానోడెర్మా ఎన్ని మిల్లీగ్రాములో చూడండి. 200 మి.గ్రా. అని ఉంటే, పైన చెప్పిన 3 గ్రాములకు రోజుకు పదిహేను కాఫీలు తాగాలి. అప్పుడు నిద్ర సంగతి చూసుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయి సింగపూర్ నుంచి లింగ్‌ఝీ ముక్కలు తెచ్చినాడు. టీలాగా వేడినీళ్లలో నానబెడితే సారం దిగడం లేదు. ఎట్లా వాడాలి? నేను గుండెకు స్టెంటు వేయించుకుని మందులు వాడుతున్నాను.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు

జవాబు: మాస్టారూ, మీ చివరి వాక్యమే ముఖ్యం. స్టెంటు తర్వాత ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి. రీషీకి కూడా ఆ గుణం కొంత ఉంది. రెండూ కలిస్తే చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి, లోపలి పేగుల నుంచి రక్తం పోయే ముప్పు ఉంటుంది. మీరు వాడవద్దు. వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడేవాళ్లు, ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని అణిచే మందులు మింగేవాళ్లు కూడా జోలికి పోవద్దు. ఏ ఆపరేషన్ ఉన్నా రెండు వారాల ముందే ఆపాలి. క్యాన్సరు చికిత్సలో ఉన్నవాళ్లు వాళ్ల డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు.

ఇంట్లో ఇలాంటి మందులేవీ వాడనివాళ్లు ఉంటే కాచే పద్ధతి ఇది. చైనా ఫార్మకోపియా, అంటే అక్కడి అధికారిక మందుల గ్రంథం, రోజుకు 6 నుంచి 12 గ్రాములు అంటుంది, తక్కువతోనే మొదలుపెట్టాలి. 6 గ్రాముల ముక్కలు తూచి, 600 మి.లీ. నీళ్లలో గంటసేపు నానబెట్టండి. స్టీలు గిన్నెలోగానీ కుండలోగానీ మూతపెట్టి, సన్నసెగ మీద సగానికి వచ్చేదాకా, అంటే ముప్పావు గంట నుంచి గంట, కాచండి. వడకట్టి, అవే ముక్కల్లో 400 మి.లీ. పోసి ఇంకో అరగంట కాచండి. రెండు నీళ్లూ కలిపి ఉదయం సగం, సాయంత్రం సగం, అన్నం తిన్నాక.

టీలా ఐదు నిమిషాలు నానబెడితే ఎందుకు దిగదంటే, పుట్టగొడుగు కణాల గోడ కైటిన్‌తో కట్టింది, రొయ్య పెంకులో ఉండే పదార్థమే. ఎంతసేపు వేడి తగిలితే అంత లోపలి సారం బయటికి వస్తుంది. ఎంత కాచినా ముక్కలు మాత్రం చెక్కలాగే ఉంటాయి, నమలడానికి చూడకండి. కషాయం ఏ రోజుది ఆ రోజే తాగాలి. నోరు ఎండిపోవడం, కడుపులో తిప్పడం, తల తిరగడం, దద్దుర్లు వస్తే ఆపేయాలి.

ప్రశ్న: నాకు విటమిన్ డి తక్కువ ఉందన్నారు. పుట్టగొడుగులను ఎండలో పెడితే అందులో విటమిన్ డి తయారవుతుందని విన్నాను. నిజమేనా?
— గృహిణి, తాడిపత్రి

జవాబు: నిజం. ఈ నెల ఉత్తరాలన్నిటిలో మాకు నచ్చిన ప్రశ్న కూడా ఇదే, ఎందుకంటే దీనికి మీరు పెట్టాల్సిన ఖర్చు ఒక ప్యాకెట్టు పుట్టగొడుగులు, మన సీమ ఎండ.

పుట్టగొడుగుల్లో ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అది విటమిన్ డి2గా మారుతుంది. మన చర్మంలో జరిగేదీ ఇలాంటి పనే. షెడ్డులో చీకట్లో పెరిగి ప్లాస్టిక్ కవర్లో వచ్చిన బటన్ పుట్టగొడుగులో అది దాదాపు సున్నా. నడిమధ్యాహ్నపు ఎండలో 15 నిమిషాల నుంచి రెండు గంటలు ఉంచితే 100 గ్రాములకు మామూలుగా 10 మైక్రోగ్రాములు దాటుతుంది. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 15 మైక్రోగ్రాములు, అంటే 600 యూనిట్లు.

చేసే విధానం: 200 గ్రాముల పుట్టగొడుగులను గబగబా కడిగి గుడ్డతో అద్దండి. అర సెంటీమీటరు మందాన కోయండి. కోయకుండా పెడితే ఎండ పైపొరకే తగులుతుంది. వెడల్పు పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, పదకొండు నుంచి ఒంటిగంట లోపు మిద్దె మీద అరగంట పెట్టండి. ఈగలు వాలకుండా పలచటి దోమతెర గుడ్డ కప్పవచ్చు. గాజు కిటికీ వెనక పెడితే పని జరగదు, మనకు కావాల్సిన కిరణాలను గాజు ఆపేస్తుంది. సాయంత్రం నాలుగు తర్వాతి ఎండ, మబ్బు పట్టిన రోజు ఎండ కూడా సరిపోవు.

తర్వాత మామూలుగా వండుకోండి. వండినా చాలాభాగం నిలుస్తుంది, చెంచాడు నూనె పడితే ఒంటికి బాగా పడుతుంది. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, వేయించిన చెనిక్కాయల పొడి వేసి వేపుడు చేస్తే జొన్నరొట్టెకు బాగుంటుంది. నిల్వ చేయాలంటే విరిస్తే పటుక్కుమనేదాకా రెండు రోజులు ఎండబెట్టి గాలి చొరని డబ్బాలో పెట్టండి. మెత్తగా వంగుతుంటే తేమ ఉన్నట్టు, వారంలో బూజు పడుతుంది.

మీ రిపోర్టులో అంకె బాగా తక్కువగా ఉండి డాక్టరు వారానికొకసారి 60,000 యూనిట్లు రాసి ఉంటే, ఆ కోర్సు పూర్తి చేయండి. ఆ గుంతను పుట్టగొడుగులు పూడ్చలేవు, మళ్లీ పడకుండా చూడటానికి పనికొస్తాయి.

ప్రశ్న: తొలకరి వానకు ఇక్కడ అడివి అంచున పుట్టల మీద మొలిచే గొడుగులను మా పెద్దలు నడుము నొప్పికి, బాలింతలకు మంచిదని పెట్టేవాళ్లు. వెండి నాణెం వేసి ఉడికిస్తే, నాణెం నల్లబడకపోతే విషం లేనట్టని అంటారు. నమ్మొచ్చా?
— ఒక పాఠకుడు, ఆళ్లగడ్డ

జవాబు: నాణేన్ని నమ్మవద్దు. వెండి నల్లబడేది గంధకానికి. మనుషుల ప్రాణం తీసే అమాటాక్సిన్‌కు వెండితో సంబంధమే లేదు. పసుపు వేయడం, వెల్లుల్లి వేయడం, పురుగు తిన్నది మంచిదనడం ఇవన్నీ అంతే. పురుగుకు ఎక్కనిది మనిషికి ఎక్కుతుంది. ఎంత ఉడికించినా ఆ విషం విరగదు.

మీ పెద్దలు కాపాడుకున్నది నాణెంతో కాదు, చోటుతో, గుర్తులతో. పుట్టమీది గొడుగు, శాస్త్రంలో టెర్మిటోమైసిస్, చెదపురుగులు పుట్టలోపల పెంచే తోటలోంచి వస్తుంది. కాడను లాగకుండా పక్కన తవ్వితే, వేరులా సన్నబడుతూ మూర లోతుకు కూడా పోయి చెదల గూడుకు తగులుతుంది. గొడుగు నడిమధ్య మొటిమలా మొన ఉంటుంది. అది మంచి ఆహారమే, మాంసకృత్తులు ఉంటాయి. నడుము నొప్పి తగ్గుతుందన్నదానికి మాత్రం ఆధారం ఏమీ లేదు. బాలింతలకు కొత్తగా పెట్టి చూడటం వద్దు.

దాన్ని పోలి, వానాకాలం పచ్చికలో, పెంటదిబ్బల పక్కన వచ్చేది ఇంకొకటి ఉంది. తెల్లటి పెద్ద గొడుగు, పైన గోధుమరంగు పొలుసులు, కాడకు ఉంగరం. లేతప్పుడు అడుగు రెక్కలు తెల్లగా ఉండి, ముదిరితే బూడిద కలిసిన ఆకుపచ్చకు తిరుగుతాయి. క్లోరోఫిల్లం అంటారు. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు విపరీతంగా పట్టుకుంటాయి. గొడుగును కోసి తెల్లకాగితం మీద రెక్కలు కిందికి పెట్టి గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచితే కాగితం మీద ఆకుపచ్చ పొడి రాలుతుంది. పుట్టమీది గొడుగుదైతే లేత గులాబీ రంగు. ఈ పరీక్ష ఆ ఒక్కదాన్ని పట్టిస్తుంది, మిగతా విషపు జాతులను కాదు.

ఎవరైనా తిని జబ్బుపడితే గంటలు లెక్కపెట్టండి. త్వరగా వాంతులు మొదలైతే బాధ ఎక్కువ గానీ ప్రాణభయం తక్కువ. ఆరు గంటలు దాటాక మొదలైతే అది అసలు ప్రమాదం. రెండోరోజు తేరుకున్నట్టు కనిపిస్తారు, మూడు నాలుగు రోజులకు కాలేయం పడిపోతుంది. 'తగ్గింది కదా' అని ఇంటికి తీసుకొచ్చేయడమే ఇక్కడ జరిగే ఘోరమైన పొరపాటు. చింతపండు నీళ్లు, ఉప్పునీళ్లు పోసి కక్కించడం వద్దు. 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికే పొండి. మిగిలిన గొడుగులనూ కూరనూ కాగితంలో చుట్టి తీసుకెళ్లండి, ప్లాస్టిక్ కవర్లో కుళ్లిపోతాయి. అదే కూర తిన్నవాళ్లందరూ, బాగున్నామన్నవాళ్లు కూడా, వెంట పోవాలి.

ప్రశ్న: ఒక కంపెనీ వాళ్లు కార్డిసెప్స్ విత్తనం, ట్రైనింగ్ ఇచ్చి, పంట కిలో లక్ష రూపాయలకు మేమే కొంటామంటున్నారు. ఒక గది చాలంటున్నారు. పెట్టమంటారా?
— నిరుద్యోగ పట్టభద్రుడు, ధర్మవరం

జవాబు: కార్డిసెప్స్ పేరుతో తిరిగే పుట్టగొడుగులు రెండు. హిమాలయాల్లో 3,500 మీటర్లకు పైన గొంగళిపురుగు మీద మొలిచి, ఉత్తరాఖండ్‌లో కీడా జడీ అనిపించుకునేది ఒకటి. మీకు ఇచ్చేది దాని చుట్టం, కార్డిసెప్స్ మిలిటారిస్, సీసాల్లో ముడిబియ్యం మీద పెరిగే నారింజరంగు రకం. మొదటిదాని పేరు, ధర చూపించి రెండోదాన్ని అంటగట్టడం ఈ వ్యాపారంలో మామూలు. రెండోది పనికిరానిదనీ కాదు. కార్డిసెపిన్ అనే పదార్థం 1950 ప్రాంతంలో దొరికిందే దీనిలో.

అడ్డం వచ్చేది మన వాతావరణం. దానికి 18–22 డిగ్రీలు రాత్రింబవళ్లు, యాభై అరవై రోజులు ఉండాలి. బయట మే నెలలో 40 దాటే ధర్మవరంలో ఏసీ ఆగకూడదు, కరెంటు పోతే జనరేటరు ఉండాలి. సీసాలను 121 డిగ్రీల ఆవిరిలో శుద్ధి చేయాలి. విత్తే గదిలో ఒక్క తప్పుకు పచ్చబూజు పట్టి వరసంతా పోతుంది. ఇంకో చిక్కు, తల్లి కల్చరును (విత్తనం తీసే మూల బూజును) ఒకదాన్నుంచి ఇంకోదానికి తిప్పుతూ పోతే నాలుగైదు తరాలకే నీరసించి, సీసా నిండా తెల్లబూజు వస్తుంది గానీ నారింజ కాడలు రావు. అప్పుడు మళ్లీ వాళ్ల దగ్గరే కొనాలి. 'మేమే కొంటాం' అన్న మాటను స్టాంపు కాగితం మీద అడగండి: ధర, తేమ శాతం, కార్డిసెపిన్ ఎంత ఉండాలి, పరీక్ష ఖర్చు ఎవరిది, వాళ్లు ఎవరికి అమ్ముతున్నారు. చివరి ప్రశ్నకు నీళ్లు నమిలితే లేచి రండి.

మన వేడికి తగింది పాల పుట్టగొడుగు. 28 నుంచి 35 డిగ్రీల్లో పెరుగుతుంది, వరిగడ్డి చాలు, గడ్డి మీద బూజు పట్టాక పైన రెండు మూడు సెంటీమీటర్ల మట్టిపొర వేయాలి. కిలో లక్ష రాదు, కూరగా అమ్ముడుపోతుంది. అనంతపురం దగ్గరి రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో ముందు అడిగి చూడండి. షెడ్డులో దిగేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి, ముఖ్యంగా ముత్యపు చిప్ప రకానికి. దాని బీజాల దుమ్ము పీలిస్తే సాయంత్రానికి జ్వరం, దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి. జలుబనుకుని రోజూ దిగుతూ పోతే ఊపిరితిత్తులు గట్టిపడతాయి.

ప్రశ్న: మా నాన్నకు 70 ఏళ్లు, మతిమరుపు మొదలైంది. లయన్స్ మేన్ పుట్టగొడుగు మెదడుకు మంచిదంటున్నారు.
— ఒక పాఠకుడు, కదిరి

జవాబు: 2009లో జపానులో 30 మంది మీద చేసిన పరీక్షలో, కొద్దిపాటి మతిమరుపు ఉన్నవాళ్లకు రోజుకు 3 గ్రాములు 16 వారాలు ఇస్తే మార్కులు మెరుగుపడ్డాయి. ఆపిన నాలుగు వారాలకు మళ్లీ తగ్గాయి. చిన్న పరీక్ష, ఆశ పెట్టుకోవచ్చు గానీ భరోసా పెట్టుకోలేం. దానికి ముందు బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. ఆ రెండింటి లోపం వల్ల వచ్చిన మతిమరుపైతే మామూలు మందులకే లొంగుతుంది. ఆయన నిద్రమాత్రలు వాడుతుంటే అదీ డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: రీషీ మన ఆయుర్వేదంలో కూడా ఉందని డబ్బా మీద రాసినారు. ఉందా?
— ఎమ్మిగనూరు

జవాబు: ఆ పేరుతో, ఆ వాడకంతో లేదు. సుశ్రుతుడు పుట్టగొడుగులను మొలిచే చోటును బట్టి విడదీశాడు: గడ్డిలో, చెరకులో, పిడకల్లో, వెదురులో, నేలలో పుట్టేవి అని. చరకుడు సర్పచ్ఛత్రాకం అనే గొడుగును వదిలేయమని, మిగతా గొడుగులు తీపి, చలువ, అరగడానికి బరువు, పడిశం తెస్తాయని రాశాడు. డబ్బా మీద రాసినవాళ్లు ఈ శ్లోకం చదివి ఉంటే ఆ మాట రాసేవాళ్లు కాదు.